దించేటప్పుడు విరిగిన చెయ్యి: రేగడిలో దిగబడ్డ జీపు, హైలిఫ్ట్ జాకీ, నా అనుభవం

2024 అక్టోబరు 19, శనివారం సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు నా ఎడమ ముంజేతి ఎముక విరిగింది. అప్పటికి జీపును లేపడం అయిపోయింది. చక్రం కింద రాళ్లు, కంప పేర్చడమూ అయిపోయింది. ఇక దించితే చాలు, ఇంటికి వెళ్లిపోవచ్చు అనుకున్నాం. బండిని ఎత్తుగా లేపే ఈ హైలిఫ్ట్ జాకీ వాడేవాళ్లలో చాలామంది లేపేటప్పుడు భయపడి, దించేటప్పుడు ఊపిరి పీల్చుకుంటారు. నేనూ అదే చేశాను. అందుకే జరిగింది జరిగినట్టు, గంటలతోనూ ఖర్చులతోనూ సహా రాస్తున్నాను.

మాది నంద్యాల జిల్లాలో కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె. ఊరి చుట్టూ నల్లరేగడి. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ నెలకొకసారి ఊరికి వెళ్తాను. నాన్న కొన్న పాత మహీంద్రా జీపు అక్కడే ఉంటుంది. ఆ వారం చెన్నై దగ్గర తీరం దాటిన వాయుగుండం వల్ల మా వైపు కూడా వానలు పడ్డాయి. శనగ విత్తే అదను దగ్గర పడింది కాబట్టి, చేలో నీళ్లు ఎక్కడెక్కడ నిలిచాయో చూసి రావాలని మధ్యాహ్నం మూడు గంటలకు బయలుదేరాను. వెంట మా అక్క కొడుకు వచ్చాడు. వాడికి అప్పటికి 19 ఏళ్లు.

చేలకు వెళ్లే డొంకదారిలో అర కిలోమీటరు లోపలికి వెళ్లాక, ఎదురుగా గొర్రెల మంద వచ్చిందని జీపును కొంచెం పక్కకు తీశాను. పైన ఆరినట్టు కనిపించిన నేల కింద పచ్చి ముద్ద ఉంది. వెనుక కుడి చక్రం ఇరుసు దాకా దిగబడింది. నాలుగు చక్రాల గేరు వేసినా టైర్ల గాడుల నిండా మట్టి పూడుకుపోయి అవి నున్నటి బంతుల్లా తిరిగాయి. టైము 3:40. అటుగా వస్తున్న ఒక పెద్దాయన ఆగి చూసి, "ఇప్పుడు ట్రాక్టరు తెచ్చినా అది కూడా దీని పక్కనే కూర్చుంటుంది నాయనా. రెండు ఎండలు కాయనీ" అన్నాడు. ఆ మాట విని ఉంటే సరిపోయేది. కానీ జీపు వెనుక హైలిఫ్ట్ జాకీ ఉంది. దాన్ని రెండేళ్ల కిందట ఒక విడిభాగాల అంగట్లో 4,200 రూపాయలకు కొన్నాను. మూడు టన్నులు లేపుతుందని దాని మీద కాగితం అంటించి ఉంది. అప్పటిదాకా దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు.

ఈ జాకీని చూడనివారి కోసం రెండు మాటలు. నాలుగడుగుల నిలువు ఇనుప పట్టీ, దాని పొడవునా రంధ్రాలు, అడుగున అరచేయంత ఇనుప పాదం. పట్టీని పట్టుకుని ఎక్కే బండిలాంటి భాగానికి ముందుకు చాచిన నాలుక ఉంటుంది. ఆ నాలుక మీదే బరువు ఆనుతుంది. లోపల రెండు పిన్నులు ఉంటాయి. తాటిచెట్టు ఎక్కేవాడు మోకు మీద భారం వేసి కాళ్లు జరుపుకుంటాడు, కాళ్ల మీద భారం వేసి మోకు జరుపుకుంటాడు. ఈ పిన్నులూ అంతే. ఒకటి పట్టుకుని ఉండగా రెండోది పై రంధ్రంలోకి వెళ్తుంది. ఎక్కాలా దిగాలా అన్నది పక్కన ఉన్న చిన్న మీట నిర్ణయిస్తుంది. ఆ చిన్న మీట దగ్గరే నా చెయ్యి విరిగింది.

మొదటి ఇబ్బంది పాదం దగ్గర వచ్చింది. రేగడిలో జాకీ పెట్టి పది పోట్లు (హ్యాండిల్‌ను పైకి లేపి కిందికి నొక్కితే ఒక పోటు) వేస్తే జీపు అంగుళం కూడా లేవలేదు, జాకీయే జానెడు లోపలికి దిగింది. దగ్గర్లో ఒక గట్టు మీద నాపబండ ముక్క కనిపించింది. మా వైపు బేతంచెర్ల బండలకు కొదవ లేదు. ఇద్దరం మోసుకొచ్చి దాని మీద జాకీ నిలబెట్టాం. ఐదో పోటుకు బండ ఫట్టున రెండు ముక్కలై, జాకీ పక్కకు ఒరిగింది. జీపు పెద్దగా లేవలేదు కాబట్టి ఏమీ కాలేదు. పరుచుకున్న బరువును ఆ బండ ఎంతైనా మోస్తుంది. మధ్యలో ఒక్కచోట భారం పడి, కింద నేల మెత్తగా ఉంటే అప్పడంలా విరుగుతుంది. ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

చివరికి జీపు వెనుక తలుపు పక్కన పడి ఉన్న పాత చెక్కపలక తీశాం. అది పనిచేసింది. 4:50కి వెనుక ఇనుప బంపరు కింద నాలుక ఆనించి పోట్లు వేయడం మొదలుపెట్టాను. బంపరు పైకి లేస్తూనే ఉంది, చక్రం మాత్రం బురదలోంచి కదలలేదు. ఇరుసు మీది కమాను పట్టీలు (స్ప్రింగులు) సాగి, ఇరుసు కిందనే వేలాడుతోంది. బంపరు అడుగున్నర లేచాక గానీ చక్రం రాలేదు. వచ్చినప్పుడు పెద్ద చప్పుడుతో ఊడి వచ్చింది, దానితో జీపు మొత్తం ఊగింది. మా వాడు ఆ సమయంలో చక్రం పక్కనే వంగి ఉన్నాడు, చేత్తో మట్టి తీస్తున్నాడు. వాడి తల జాకీ హ్యాండిల్ తిరిగే దారికి రెండు జానల దూరంలో ఉంది. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే చేతులు చల్లబడుతున్నాయి.

గుంటలో రాళ్లు వేశాం, తుమ్మకంప వేశాం. మా వాడు లేచి, "సరిపోతుంది మామా, దించు" అంటూ అటు తిరిగి పారకోసం నాలుగడుగులు వేశాడు. వాడు వేసిన ఆ నాలుగడుగులే వాడిని కాపాడాయి.

నేను హ్యాండిల్‌ను సగంలో ఆపి ఉంచాను. అది నేలకు దాదాపు సమాంతరంగా ఉంది. ఎడమ చేత్తో వదులుగా పట్టుకుని, కుడి బొటనవేలితో మీట కిందికి నొక్కాను. మరుక్షణం ఆ ఇనుప గొట్టం నా చేతిని విదిలించుకుని పైకి లేచింది, మళ్లీ కిందికి వచ్చింది, మళ్లీ లేచింది. ఎన్నిసార్లో లెక్క తెలియదు. రెండోసారో మూడోసారో నా ముంజేతిని కొట్టింది. టకటకమంటూ జీపు తనంతట తానే దిగింది. చక్రం రాళ్ల మీద ఆనగానే జాకీ బండి జర్రున జారి పాదం మీద పడింది. మొత్తం మూడు నాలుగు సెకన్లు. నొప్పి వెంటనే తెలియలేదు. చెయ్యి మధ్యలో ఒక వంపు కనిపించింది, అది చూసి కూర్చుండిపోయాను.

తర్వాత అన్నీ ఎదురుచూపులే. డొంకలోకి ఏ బండీ రాదు. మా వాడు తువ్వాలుతో చెయ్యి మెడకు కట్టి, భుజం పట్టుకుని ఆ అర కిలోమీటరు నడిపించాడు. రేగడిలో ఒక్కో అడుగుకు చెప్పుల కింద రెండేసి కిలోల మట్టి. ఆ దారికి 35 నిమిషాలు పట్టింది. అక్కడి నుంచి కారు దొరికేసరికి ఏడయింది. నంద్యాల చేరేసరికి రాత్రి 8:40. ఎక్స్‌రే తీసిన డాక్టరు గారు ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక విరిగిందనీ, ముక్కలు పక్కకు జరగలేదనీ, ఆపరేషను అవసరం లేదనీ చెప్పారు. "ఎవరైనా కర్రతో కొడితే చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్లకు ఇలా విరుగుతుంది. మిమ్మల్ని ఎవరు కొట్టారు?" అని అడిగారు. జాకీ అని చెబితే నమ్మడానికి కాసేపు పట్టింది.

వాపు ఉండటంతో ఆ రాత్రి సగం కట్టు మాత్రమే వేశారు. వారం తర్వాత మరో ఎక్స్‌రే తీసి పూర్తి కట్టు వేశారు. నవంబరు 30న విప్పారు. మొత్తం ఆరు వారాలు. ఎక్స్‌రేలు, కట్లు, మందులు కలిపి 9,400 రూపాయలు, ఆ తర్వాత పన్నెండు రోజుల ఫిజియోథెరపీకి 4,800. జీపు ఆరు రోజులు అలాగే డొంకలో ఉంది. 25న నేల ఆరాక ట్రాక్టరుతో లాగించాం, దానికి 1,500. పెద్దాయన చెప్పినట్టు ఎండల కోసం ఆగి ఉంటే ఖర్చు ఆ 1,500తోనే పోయేది. పిడికిలి పూర్తి బలంతో బిగించగలిగింది ఫిబ్రవరిలో.

డబ్బు కంటే ఎక్కువగా నన్ను వేధించింది అక్క మౌనం. ఆసుపత్రిలో నన్ను చూసి ఏడ్చింది. తర్వాత కొడుకు చెప్పిందంతా విని, వాడు ఎక్కడ వంగి ఉన్నాడో అడిగి తెలుసుకుని, ఇక నాతో పదిరోజులు మాట్లాడలేదు. ఆమె తప్పేమీ లేదు. కుర్రవాణ్ని వెంట తీసుకెళ్లిన పెద్దవాణ్ని నేను. ఎక్కడ నిలబడాలో చెప్పాల్సిందీ నేనే.

డిసెంబరులో జాకీని ఇంటి వరండాలో వేసి విప్పాను. ఏం జరిగిందో తెలియకుండా దాన్ని అమ్మడానికీ పారేయడానికీ మనసొప్పలేదు. పిన్నులు వెళ్లే గూళ్లలో ఎండిన రేగడి రాయిలా గట్టిపడి ఉంది. ఒక స్ప్రింగు నీరసంగా ఉంది. మరో లోపం కూడా కనిపించింది. ఈ జాకీల్లో ఒక బోల్టును కావాలనే మెత్తటి ఇనుముతో చేస్తారు. మోయలేనంత బరువు పడితే మిగతా భాగాలు విరగకుండా ముందుగా అదే తెగిపోవాలి. కరెంటు లైనుకు ఫ్యూజు ఎలాగో దీనికి ఆ బోల్టు అలాగ. నా జాకీలో దాని స్థానంలో గట్టి ఉక్కు బోల్టు ఉంది. అమ్మినవాళ్లు మార్చారో, తయారీలోనే అలా వచ్చిందో నాకు తెలిసే దారి లేదు. ఏదైతేనేం, ఆ జాకీని మళ్లీ వాడకూడదని అప్పుడే నిర్ణయించుకుని పట్టీని రెండుగా కోయించి పాత ఇనుముకు వేశాను. ఎవరికీ అమ్మలేదు.

కానీ మా డొంకలు మారవు, మా నేల మారదు. వానాకాలంలో జీపు మళ్లీ దిగబడుతుంది. అందుకని తెలిసినవాళ్ల దగ్గర అసలు హైలిఫ్ట్ కంపెనీదే, 48 అంగుళాలది, పెద్దగా వాడనిది ఉంటే 11,000 రూపాయలకు తీసుకున్నాను. అడిగాక అది నా చేతికి రావడానికి ఐదు వారాలు పట్టింది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బ్లూమ్‌ఫీల్డ్ అనే ఊరిలో పుట్టిన జాకీ ఇది, 1905 నుంచి రూపం పెద్దగా మారలేదు. మోయగలిగే బరువు 2,113 కిలోలు. జాకీ బరువే 13 కిలోల వరకు ఉంటుంది. దానితో వచ్చిన పుస్తకాన్ని మూడుసార్లు చదివాను. నాకు జరిగింది అందులో అక్షరం పొల్లుపోకుండా ఉంది. హ్యాండిల్‌ను నిటారుగా లేపి పట్టీకి ఆనించకుండా మీట మార్చితే, హ్యాండిల్ వేగంగా పైకీ కిందికీ కొట్టుకుంటుందని రాసి ఉంది. అది చదివాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఇంత స్పష్టంగా ఉన్న ఒక్క వాక్యం నాకు రెండేళ్ల ముందు దొరికి ఉంటే బాగుండేది.

ఆ పుస్తకంలో మరో మాట కూడా నాకు కొత్త. జాకీ మీద కనీసం 68 కిలోల భారం ఉంటేనే అది ఒక్కో రంధ్రం చొప్పున దిగుతుంది. అంతకంటే తక్కువైతే పిన్నులు పట్టుకోవు, జాకీ బండి మొత్తం జారి కిందపడుతుంది. చక్రం నేలను తాకగానే జాకీ మీద భారం పోతుంది కాబట్టి చివర్లో జారుడు తప్పదు. కింద చెయ్యి ఉంటే వేళ్లు నలుగుతాయి.

2025 సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు ఇంటి ముందు గట్టి నేల మీద సాధన చేశాం. మా వాడు తానూ నేర్చుకుంటానన్నాడు. అక్కను అడగకుండా వాడితో జాకీ ముట్టించనని చెప్పాను. వాడు వెళ్లి అడిగాడు. అక్క గడపలో నిలబడి, "ముందు దించడం నేర్పు, లేపడం తర్వాత" అంది. అలాగే చేశాం. చక్రం నేల మీదినుంచి రెండు అంగుళాలు మాత్రమే లేపేవాళ్లం, దించేవాళ్లం. మళ్లీ లేపేవాళ్లం. ఇద్దరం కలిసి నలభై సార్లకు పైగా చేసి ఉంటాం.

అక్కడ తెలిసినవి కొన్ని పుస్తకంలో చదివితే ఎక్కవు. దించేటప్పుడు బరువు హ్యాండిల్‌ను పైకి తోస్తుంది. ఆ తోపు ఎంతుంటుందో చేతికి తెలియాలి. రెండు చేతులతో, బొటనవేళ్లు కూడా చుట్టి పట్టుకోవాలి. ముఖం, గడ్డం ఎప్పుడూ హ్యాండిల్‌కూ పట్టీకీ మధ్యకు రాకూడదు. మనం పక్కకు నిలబడాలి, నడుము వంచి హ్యాండిల్ మీదికి వాలకూడదు. పొరపాటున చెయ్యి జారి హ్యాండిల్ ఆడటం మొదలుపెడితే దాన్ని పట్టుకోబోకూడదు, దూరం జరగాలి. జీపు పడితే పడనివ్వాలి. ఈ చివరి మాట మా వాడికి చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు, అయినా చెప్పాను.

హ్యాండ్‌బ్రేకు సంగతి కూడా ఆ మూడు రోజుల్లోనే బయటపడింది. మా పాత జీపులో హ్యాండ్‌బ్రేకు వెనుక చక్రాలను పట్టుకోదు, గేరుపెట్టె వెనుక తిరిగే షాఫ్టును పట్టుకుంటుంది. వెనుక ఒక చక్రం గాలిలోకి లేస్తే, లేచిన చక్రం వెనక్కి తిరుగుతూ నేల మీదున్న చక్రాన్ని ముందుకు తిరగనిస్తుంది. బ్రేకు వేసే ఉంటుంది, జీపు మాత్రం కదులుతుంది. మొదటి రోజు మా వాకిలి వాలుకే జీపు బెత్తెడు జరిగింది, జాకీ వంగింది. అప్పటినుంచి నేల మీదున్న చక్రాలకు ముందూ వెనుకా అడ్డు చెక్కలు పెట్టకుండా జాకీ బయటకు తీయడం లేదు. పాత జీపులున్నవాళ్లు దీన్ని ఇంట్లోనే ఒకసారి పరీక్షించి చూసుకోవాలి.

ఊరి వడ్రంగితో ఒక పలక చేయించాను. తుమ్మ చెక్క, అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, రెండు అంగుళాల మందం. 600 రూపాయలు తీసుకున్నాడు. జాకీ పాదం 200 చదరపు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది. ఏడు వందల కిలోలు దాని మీద పడితే చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోలు. తడి రేగడి అంత మోయదు. ఈ పలక వేస్తే అదే భారం అర కిలోకు వస్తుంది. తడి చెక్క మీద ఇనుప పాదం జారుతుంది కాబట్టి పాదం పట్టేంత గాడి తొలిపించాను, అది వడ్రంగి సలహా. లారీ సరుకు కట్టే నైలాను బెల్టు ఒకటి కొన్నాను, 450 రూపాయలు. ఇరుసును ఛాసిస్‌కు (జీపు చట్రానికి) దానితో బిగిస్తే, బంపరుతో పాటు చక్రం కూడా లేస్తుంది, అడుగున్నర ఎత్తు లేపే పని తప్పుతుంది. జీపు ఎంత తక్కువ లేస్తే అంత స్థిరంగా ఉంటుంది. కొత్త బండ్లకు ప్లాస్టిక్ బంపర్లు వస్తున్నాయి, వాటి కింద ఈ జాకీ పెట్టడానికి చోటే ఉండదు. కొనేముందు మీ బండికి ఎక్కడ పెడతారో చూసుకోండి. మాది పాత జీపు కావడం ఈ ఒక్క విషయంలో మేలు చేసింది.

జాకీని బయట తగిలిస్తే బురదంతా పిన్నుల్లోకి పోతుంది. పాత లారీ ట్యూబు కోసి తొడుగులా ఎక్కించాను. పిన్నులకు పలచటి మెషిను నూనె మాత్రమే వేస్తున్నాను. గ్రీజు వేస్తే మట్టిని పిలిచి అంటించుకుంటుంది.

పరీక్ష 2025 ఆగస్టు 9న వచ్చింది. మళ్లీ శనివారమే. రెండు రోజుల ముందు వాన పడింది. వంక దాటి అవతలి గట్టు ఎక్కుతుండగా ముందు ఎడమ చక్రం దిగబడింది. 2:50. ఇంజను ఆపగానే నా ఎడమ చెయ్యి దానంతట అదే ఒళ్లోకి వచ్చి ముడుచుకుంది. మా వాడు అది చూశాడు. "కాసేపు కూర్చుందాం మామా" అన్నాడు. పది నిమిషాలు కూర్చున్నాం. వంకలో నీళ్లు పెరిగే సూచన ఉందేమో చూశాం, పైన మబ్బు లేదు. నీళ్లు పెరిగే వీలుంటే జీపును వదిలేసి నడిచి వెళ్లాలని ముందే అనుకున్నాం.

తర్వాతి నలభై నిమిషాలు జాకీని ముట్టుకోలేదు. మొదట పారతో చక్రం చుట్టూ మట్టి తీశాం. రేగడి చక్రాన్ని పీల్చి పట్టుకుంటుంది, ఆ పట్టు వదిలించకుండా లేపితే మొదటిసారి జరిగినట్టు ఒక్క ఊపున ఊడుతుంది. వెనుక చక్రాలకు, ముందు కుడి చక్రానికి అడ్డు చెక్కలు పెట్టాం. బెల్టు బిగించాం. పలక పరచడానికి నేల చదును చేశాం. కందికట్టె, రాళ్లు ముందే తెచ్చి చేతికందే దూరంలో పెట్టుకున్నాం. జీపు గాలిలో ఉండగా రాళ్లకోసం తిరగడం అంటే అది ఎక్కువసేపు గాలిలో ఉండటమే.

3:40కి మొదటి పోటు. నేను లేపుతుంటే మా వాడు పది అడుగుల దూరంలో నిలబడి పట్టీ నిటారుగా ఉందో లేదో చూస్తున్నాడు. రెండు పోట్లు వేయడం, ఆగడం, చూడటం. ఆరో పోటుకు "ఒరుగుతోంది మామా" అన్నాడు. పలక ఒక అంచు కుంగింది. ఒక్క రెండంగుళాలే లేచింది, ఇంకో నాలుగు పోట్లు వేస్తే పని అయిపోతుందని చెయ్యి తొందరపెట్టింది. వేయలేదు. దించి, పలక తీసి, కింద కందికట్టె పరిచి మళ్లీ మొదటినుంచి చేశాం. దానికి 25 నిమిషాలు పోయాయి.

రెండోసారి చక్రం చప్పుడు లేకుండా లేచింది. గుంటలోకి రాళ్లు పారతో తోశాం, కర్రతో సర్దాం. చెయ్యి గానీ కాలు గానీ చక్రం కిందికి పెట్టలేదు. హ్యాండిల్‌ను ఆ సమయమంతా నిటారుగా, పట్టీకి క్లిప్పుతో బిగించి ఉంచాం.

దించడానికి నేను ముందుకు వెళ్లాను. హ్యాండిల్ పట్టుకున్నాను గానీ క్లిప్పు తీయడానికి చెయ్యి రాలేదు. భయం అనే మాట సరిపోదు. ముంజేతిలో పాత దెబ్బ ఉన్న చోట చల్లగా అనిపించింది, వేళ్లు బిగుసుకోలేదు. అలాంటి చేత్తో దించకూడదని నాకు తెలుసు. పక్కకు జరిగి, "నువ్వు దించు" అన్నాను. వాడు నా ముఖం చూసి, తోలు తొడుగులు వేసుకుని వచ్చాడు.

నేను పది అడుగుల దూరంలో నిలబడి అడిగాను. "హ్యాండిల్ నిలబడిందా?"

"నిలబడింది."

"పట్టీకి ఆనిందా?"

"ఆనింది."

"తల ఎక్కడుంది?"

"బయటే ఉంది మామా."

మీట వేశాడు. హ్యాండిల్ కదల్లేదు. క్లిప్పు తీసి, రెండు చేతులతో పట్టి, ఒక రంధ్రం దించాడు. ఆగాడు. మరొకటి. బరువు హ్యాండిల్‌ను పైకి తోసిన ప్రతిసారీ వాడి భుజాలు బిగుసుకోవడం నాకు కనిపిస్తోంది. పదకొండు రంధ్రాలు లెక్కపెట్టాను. పదకొండోదానికి చక్రం కందికట్టె మీద ఆనింది, కట్టె కరకరలాడింది, జాకీ బండి జారి పాదం మీద పడింది. వాడి చేతులు అప్పటికే పైన ఉన్నాయి.

అడ్డు చెక్కలు తీసి, మొదటి గేరులో, యాక్సిలరేటరు మీద కాలు బరువు వేయకుండా జీపును ముందుకు తీశాను. 5:15కి గట్టు మీద ఉన్నాం. దిగబడ్డప్పటినుంచి రెండు గంటల 25 నిమిషాలు. ఖర్చు ఏమీ లేదు, ఒక తోలు తొడుగు మాత్రం చిరిగింది. అక్కడే మిగిలిన తాగునీళ్లతో పిన్నులు కడిగి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, నూనె చుక్కలు వేశాం. ఎండిపోయాక అయితే ఆ మట్టి రాదు.

ఇల్లు చేరేసరికి ఆరయింది. అక్క వాకిట్లోనే ఉంది. జీపు బురదను గానీ మా మోకాళ్ల దాకా ఉన్న రేగడిని గానీ చూడలేదు. ముందు మా ఇద్దరి చేతులూ చూసింది. తర్వాత, "ఎవరు దించారు?" అని అడిగింది.

"నేనే" అన్నాడు మా వాడు.

అక్క లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చింది.